వంచకూడని తల

రాసిమ్ కెప్టెన్ చెయ్యి చాపి గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లనడగడానికి వచ్చిన తుర్గుత్ వంగి ఆ చేతిని ముద్దు పెట్టుకోవాలి, నుదుటికి ఆనించుకోవాలి. ఉస్కుదార్ పేటలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలిసిన మర్యాద అది. తుర్గుత్ మాత్రం గుంజలా నిలబడి, బ్యాంకు మేనేజరుకి ఇచ్చినట్టు చెయ్యి ఇచ్చి ఊపాడు.

“ఒరేయ్, వంగరా!” వెనకనుంచి తల్లి మునెవ్వెర్ గిల్లింది.

“వంగకూడదమ్మా. ఇంకా ఆరు రోజులు.” పళ్ల సందుల్లోంచి గొణిగాడు.

“అదే మాట వాళ్లకి చెప్పు మరి.”

“బట్టతలవాణ్ణని నా నోటితో నేనే చెప్పుకోనా?”

తుర్గుత్ టోపీ కింద మూడు వేల ఎనిమిది వందల జుట్టు కుదుళ్లున్నాయి. నాటించుకుని నేటికి నాలుగు రోజులు. కెప్టెన్ కూతురు షెబ్నెమ్ అతణ్ణి ఒక్కసారే చూసింది, అదీ టోపీతో. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కితే పెళ్లినాటికి తల నిండా జుట్టుంటుందని అతని ఆశ. వచ్చే నెల అనుకున్న చూపులు ఇవాళే అని కెప్టెన్ హుకుం జారీ చేస్తాడని పాపం అతనేం కలగన్నాడా?

లోపల కూర్చున్నారు. షెబ్నెమ్ మేనత్త నిమ్మవాసన వేసే కొలోన్యా సెంటు సీసాతో వచ్చింది. చేతులకీ మొహానికీ రాసుకుని, మిగిలిన తడిని తలకి పులుముకోవడం అందరికీ అలవాటే. తుర్గుత్ రెండు చేతులూ తొడల కింద పెట్టేసుకున్నాడు. స్పిరిట్ వాసన తల దరిదాపులకి రాకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

“ఏం బాబూ, మా కొలోన్యా కంపు కొడుతోందా?” అంది మేనత్త.

అంతలో షెబ్నెమ్ తల్లివైపు దుర్సున్ మామ దూసుకొచ్చాడు. రిజేలో తేయాకు తోటలున్న మనిషి. ప్రేమొస్తే ఎదుటివాడి కణతకి తన కణత ఠాప్‌మని కొట్టి పలకరిస్తాడు. తుర్గుత్ ఒక్క ఉదుటున లేచి తల్లి వెనక దాక్కున్నాడు.

“అల్లుడా, పిల్లికూనా?” అన్నాడు దుర్సున్ మామ, గాలిలో ఆగిపోయిన తలతో.

దీనికి తోడు వాపొకటి. మొన్న నుదుటి మీదున్నది నిన్న కనుబొమలకి దిగింది, ఇవాళ రెప్పల్లోకొచ్చింది. ఎవరిని చూసినా కళ్లు చిట్లించి, నువ్వెంత అన్నట్టు చూస్తున్నాడు.

షెబ్నెమ్ కాఫీ తెచ్చింది. పెళ్లికొడుకు కప్పులో పంచదారకి బదులు ఉప్పు. మొహం చిట్లించకుండా తాగినవాడే కాపురం చేస్తాడని లెక్క. తుర్గుత్ పెదవి తడిపి చూశాడు. మూడు చెంచాలకి తక్కువ ఉండదు. ఉప్పు తింటే వాపుకి కళ్లు పూర్తిగా మూసుకుపోతాయి.

“నాకొద్దండీ,” అని కప్పు తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

మేనత్త గుండె పట్టుకుంది. షెబ్నెమ్ మాత్రం అతణ్ణి అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు కళ్లప్పగించి చూసింది.

కెప్టెన్ లేచి నిలబడ్డాడు.

“నలభై ఏళ్లు ఫెర్రీ నడిపాను. నా ఎదుట టోపీ తియ్యనివాడూ, నా చేతికి వంగనివాడూ, నా ఇంటి కాఫీ వద్దన్నవాడూ ఇంతవరకూ పుట్టలేదు. దయచెయ్యండి!”

మునెవ్వెర్ ఏడుపు లంకించుకుంది. తుర్గుత్‌కి ఆ పిల్ల కావాలి. గుమ్మం దాటితే మళ్లీ దొరకదు. టోపీ తీసేశాడు.

ఎర్ర చీమలు బారులు తీరినట్టుంది ఆ తల.

“జుట్టు నాటించుకున్నానండీ. నాలుగు రోజులైంది. పది రోజులదాకా తల వంచకూడదన్నారు. అంతేగానీ, మీరంటే గౌరవం లేక కాదు.”

దుర్సున్ మామ వంగి పరీక్షగా చూశాడు. “బావా, మా తోటలో కూడా ఇంత వరసగా నాటరు!”

కెప్టెన్ మొహం మాత్రం మారలేదు. మళ్లీ చెయ్యి చాపాడు.

“జుట్టు కావాలా, పిల్ల కావాలా? తేల్చుకో.”

తుర్గుత్ షెబ్నెమ్ వైపు తిరిగాడు. ఆమె ఏదో సైగ చేసింది. వాచిన రెప్పల సందులోంచి సరిగ్గా ఆనలేదు. ఒప్పుకోమంటోందనే అనుకున్నాడు. పోతే పోయాయి వెధవ కుదుళ్లు! నడుము దాకా వంగి, చెయ్యి ముద్దు పెట్టుకుని, నుదుటికి గట్టిగా అదుముకున్నాడు.

“శభాష్!” కెప్టెన్ పొంగిపోయి నడినెత్తిన చరిచాడు. అయ్యో దెబ్బ తగిలిందంటూ మేనత్త సగం సీసా కొలోన్యా తల మీద గుమ్మరించింది. తుర్గుత్ పెట్టిన కేకని సంతోషం అనుకుని దుర్సున్ మామ కణతకి కణత కొట్టాడు. ఆ ఊపులోనే తుర్గుత్ ఉప్పు కాఫీ గటగటా తాగేశాడు. కుదుళ్లలో ఎన్ని మిగిలాయో డాక్టరే చెప్పాలి గానీ, ఆ క్షణంలో ఆ ఇంట్లో అతనంత ఆనందంగా ఉన్నవాడు లేడు.

మునెవ్వెర్ కళ్లు తుడుచుకుంది. “అల్లా ఆజ్ఞతో, ప్రవక్త మాటతో, మీ షెబ్నెమ్‌ని మా తుర్గుత్‌కి అడుగుతున్నాం.”

“ఇచ్చాం!” అన్నాడు కెప్టెన్. ఆనవాయితీ కాబట్టి కూతురి వైపు తిరిగాడు. “నువ్వేమంటావమ్మా?”

షెబ్నెమ్ ఖాళీ కప్పు అందుకుని పళ్లెంలో పెట్టుకుంది.

“పది నిమిషాల ముందు అడగాల్సింది నాన్నా! వంగొద్దని సైగ కూడా చేశాను. మీ మాట కాదనగల మగాడు ఇన్నాళ్లకి దొరికాడని ఎంత మురిసిపోయానో.”