రెండో పొయ్యి

“సారు గడపల కాలు పెట్టంగనే లొల్లి షురూ చెయ్యాలె అన్నా. మెల్లగ మాట్లాడితే నమ్మడు,” అన్నాడు శివరాం.

హన్మాండ్లు తలూపాడు. ఆ అన్నదమ్ములిద్దరూ బాన్సువాడ రైస్‌మిల్లులో హమాలీలు. పిట్లం తోవలో సర్కారు పేదలకు కాలనీ కడుతోంది. రాతి గోడలు, పైన స్లాబు. ఒక పొయ్యికి ఒకటే ఇల్లు అన్నారు. ఈ కిరాయి ఇంట్లో రెండు సంసారాలకూ ఒకటే పొయ్యి. వేరుపడ్డట్టు చూపిస్తే రెండిళ్లు వస్తాయని ఉపాయం చెప్పింది శివరామే. అతని మాట మీదే హన్మాండ్లు భార్య లచ్చి నిన్న ఓ మూల ఇంకో పొయ్యి వేసింది.

ఇళ్ల జాబితా రాసే సారు వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా వెళ్లి కొత్త పొయ్యి మీద చెయ్యి పెట్టాడు. వేళ్లకు తడి మట్టి అంటింది.

“ఎప్పుడు వేరుపడ్డరు?”

“శానా దినాలాయె సారూ,” అన్నాడు శివరాం.

“మరి మట్టి పచ్చిగున్నదేంది?”

శివరాం భార్య సాయవ్వ తలుపు చాటుకు జరిగింది.

“నాటకాలాడితే ఒక్కిల్లు గూడ రాదు. ఇద్దరి పేర్లూ కొట్టేస్త,” సారు జేబులోంచి పెన్ను తీశాడు.

శివరాం అన్న వైపు చూశాడు. హన్మాండ్లు నేల చూపులు చూస్తున్నాడు. అనుకున్న మాటలు మరిచినట్టున్నాడు. అయిపోయింది, ఉన్నది కూడా పోయింది అనుకున్నాడు శివరాం.

“పచ్చిగనే ఉంటది సారూ,” హన్మాండ్లు గొంతు ఒక్కసారిగా లేచింది. “ఎప్పుడో పడాల్సిన పొయ్యి, నిన్న పడ్డది. నా పెండ్లాం పచ్చి బాలింత. పొగల కూసుండి ఇంటిల్లిపాదికి రొట్టెలు కొట్టింది. వీని పెండ్లాం పక్క దిగలే. రొట్టె మాడిందని వీడు కంచం ఇసిరేసిండు. ఒక్కనాడన్న వదినా, తిన్నవా అని అడిగినావురా?”

ఇవి అనుకున్న మాటలు కావు. అయినా శివరాం అందుకున్నాడు.

“నీ సొమ్మేమన్న తిన్ననా? పో, నీ బతుకు నువ్వు బతుకు!”

హన్మాండ్లు తమ్ముడి అంగీ పట్టి గుంజాడు. కుట్లు పర్రున చినిగాయి. లచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాకిట్లో చేరినవాళ్లు ఉరికొచ్చి ఇద్దర్నీ విడదీశారు.

“చాలు, ఆపుండ్రి!” అన్నాడు సారు. “మిమ్ముల ఒక్కింట్ల పెడితే ఖూనీలైతయి. రెండిండ్లకు రాస్తున్న.”

శివరాం సారును సందు చివరిదాకా సాగనంపి, ఉరుక్కుంటూ తిరిగొచ్చాడు. చినిగిన అంగీ చూసుకుని పడీ పడీ నవ్వాడు.

“ఏం ఆడినవ్ అన్నా! నేను సుత నమ్మిన. వదినా, ఇగ గా పొయ్యి పగలగొట్టు. అందరం కలిసి తిందాం.”

లచ్చి తల తిప్పకుండా కొత్త పొయ్యి రాజేస్తోంది. హన్మాండ్లు పుల్లలు విరుస్తూ ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఇంకేంది అన్నా, సారు పోయిండు గద!”

“నేను నాటకం ఆడలే, తమ్మీ.”