పచ్చి రంగు

"వద్దులెండి అల్లుడుగారూ, ఇంటికి పోదాం" అన్నారు మామగారు. అప్పటికే కారు ముందు చక్రాలు రెండూ షాపు గడప ఎక్కేశాయి.

"ఇంతదాకా వచ్చి వద్దంటారేంటి నాన్నా?" వెనక సీట్లోంచి కూతురు అంది. "ఆయన ముచ్చటపడి కారు రంగు మీద ఫిల్ము వేయిస్తానంటున్నారు. మొన్ననేగా మీరు సర్వీసుకిచ్చి తెచ్చారు, తళతళలాడుతోంది. వేయిస్తే ఇప్పుడే వేయించాలి."

"కారుకి కూడా తొడుగెందుకే? సోఫా కొన్నప్పుడు ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వలేదు మీ అమ్మ. కూర్చుంటే చప్పుడు, లేస్తే చప్పుడు."

"ఇది వేసినట్టే తెలియదు మామయ్యగారూ. అద్దంలా ఉంటుంది. గీత పడినా ఫిల్ము మీదే పడుతుంది, రంగుకి తగలదు" అన్నాడు అల్లుడు. గీత అనే మాట బయటికి వచ్చాక అతను స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు.

"ఒక నెల పోనివ్వండి, చూద్దాం" అన్నారు మామగారు. వారం రోజులుగా ఎప్పుడడిగినా ఆయనది ఇదే మాట.

ఆయన జీవితమంతా కుట్టుమిషను తొక్కిన మనిషి. చేతికొచ్చిన మొదటి కారు ఇది, ముదురు నీలం. జ్వరంతో పడుకున్నప్పుడు దిండు కింద నుంచి తాళం తీసి ఆయనే అల్లుడికి ఇచ్చారు. "బండి మీ చేతిలో ఉంటే నాకు దిగుల్లేదు" అన్నారు. ఆ సాయంత్రమే ఆఫీసు సెల్లారులో ఎడమవైపు వెనక తలుపు స్తంభానికి రాసుకుపోయింది. ఆయన మంచం దిగేలోపు అల్లుడు తెలిసిన షెడ్డులో రంగు వేయించి, ఏమీ ఎరగనట్టు తాళం మేకుకి తగిలించాడు. రెండు నెలలైంది. ఆయన కారు తుడుస్తుంటే ఆ పక్కకి వెళ్లడం మానేశాడు.

కిందటి వారం కూతురు ఎండలో నిలబడి "నాన్నా, ఈ తలుపు రంగు వేరేగా లేదూ?" అంది. "నీ కళ్లద్దాలు మార్చుకో తల్లీ" అని కొట్టిపారేశారు ఆయన. గుడ్డకీ దారానికీ రంగులో పిసరంత తేడా ఉంటే దీపం లేకుండా పట్టేసే మనిషికే కనపడలేదు, బతికిపోయాననుకున్నాడు అల్లుడు. పైన ఫిల్ము వేస్తే తలుపులన్నీ ఒకేలా మెరుస్తాయి, ఇంకెవరూ అడగరు. ఆ రాత్రే మొదలుపెట్టాడు, ఫిల్ము వేయిద్దామని.

షాపు మేస్త్రీ షట్టరు సగం దించి లైట్లన్నీ వేశాడు. కారు చుట్టూ తిరుగుతూ అరచేత్తో నిమురుకుంటూ వచ్చాడు. ఎడమవైపు వెనక తలుపు దగ్గర ఆగాడు. వంగి వాసన చూశాడు.

"ఈ తలుపుకి ఈమధ్య రంగు వేయించారా?"

"లేదే" అన్నారు మామగారు, ఇంకెవరూ నోరు తెరవకముందే. "కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

"చెప్పకపోతే నష్టం మీకేనండీ. పచ్చి రంగు మీద ఫిల్ము వేస్తే లోపల బుడగలు లేస్తాయి. రేపు ఫిల్ము తియ్యబోతే రంగు కూడా దాంతోపాటే ఊడొస్తుంది."

"అయితే అసలే వద్దు. పదండి అల్లుడుగారూ."

అల్లుడు ఊపిరి పీల్చుకుని డ్రైవరు తలుపు మీద చెయ్యి వేశాడు. ఆయన అంత నమ్మకంగా "లేదే" అన్న తీరు మాత్రం వీపు మీద కొరడాలా తగిలింది.

"ఆగండి" అంది కూతురు. "అయితే ఆ సర్వీసు వాళ్లే ఎక్కడో గుద్ది, రంగు పూసి ఇచ్చుంటారు. ఆ చెవి వెనక పెన్సిలు పెట్టుకుని తిరుగుతాడే, అతనే బండి తీసుకెళ్లింది. నడవండి, వాళ్ల యజమాని ముందే కడిగేస్తాను."

"వాళ్లనేం అనకే. పొట్టకూటి మనుషులు" అన్నారు మామగారు నేలచూపులు చూస్తూ.

"పొట్టకూటికైతే మాత్రం? ఉద్యోగం పోతే అప్పుడు తెలిసొస్తుంది."

అల్లుడి చెయ్యి తలుపు మీంచి జారింది.

"వాళ్లు కాదు" అన్నాడు. "నేను."

సెల్లారు, స్తంభం, షెడ్డు అన్నీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ తన బూట్లనే చూసుకున్నాడు.

"రెండు నెలలుగా నాకు కూడా చెప్పలేదా?" అంది భార్య.

"బండి నా చేతిలో ఉంటే దిగుల్లేదన్నారు. ఆ మాట విన్నాక నోరు రాలేదు. మీరేమన్నా పడతాను మామయ్యగారూ."

మామగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. ఒక అద్దం తుడిచి, రెండోది తుడిచి, మళ్లీ మొదటిదానికి వచ్చారు.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "మధ్యలో మాట్లాడుతున్నాననుకోకండి సార్. రెండు నెలలైతే రంగు ఎండి రాయైపోతుంది. ఇది వేసి వారం కూడా అయ్యుండదు. పచ్చి వాసన ఇంకా పోలేదు, కావాలంటే మీరే చూడండి."

అల్లుడు వంగి వాసన చూశాడు. నిజమే. తలుపు వంక చూశాడు, మేస్త్రీ వంక చూశాడు, చివరికి మామగారి వంక తిరిగాడు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, అల్లుడి భుజం మీద పడిన నూలు పోగొకటి తీసి పక్కన పడేశారు.

"మీరు వేయించిన రంగు పిసరంత తేడా వచ్చింది అల్లుడుగారూ. అమ్మాయి ఎండలో పట్టేసింది కదా, రెండోసారి అడిగితే మీరేం చెప్పుకుంటారోనని, సర్వీసు పేరు పెట్టి నేనే మళ్లీ వేయించాను."