కనుమకు నాలుగు తొవ్వలు

ఉతికిన నల్ల జాకెట్‌ను మడతపెట్టి, రెండు చేతుల మీద పట్టుకొచ్చిండు గౌతమ్.

మోచేతుల కాడ గట్టి పలకలున్నయి. బండి మీదికెల్లి పడ్డా తోలు లేవకుండ.

"దయాకర్‌ది పెద్దమ్మా. నా కాడనే ఉండిపోయింది."

రాజేశ్వరమ్మ చేతులు చాపలేదు. కుర్చీ దిక్కు చూసింది. జాకెట్‌ను ఆ కుర్చీల పెట్టి, పక్క కుర్చీల తను కూసున్నడు. క్యాలెండర్ కింద.

బయట గల్లీల వినాయకుని మండపానికి కట్టెలు పాతుతున్నరు. క్యాలెండర్ ఇంకా జూన్ మీదనే ఉంది.

నాచారం మెయిన్ రోడ్డు మీద అంబులెన్సు కూసుకుంట పోయింది.

ఇదివరకైతే ఆ సప్పుడు వింటే చాలు, మల్లాపూర్ కంపెనీల పనిచేసే కొడుక్కు ఫోన్ కొట్టేది. "ఏంలే బిడ్డా, తిన్నవా?" అనేది. మిషిన్ మీద ఉన్నోడు చేతులు తుడుసుకోని ఫోనెత్తి, "బతికే ఉన్ననే" అని పెట్టేసేటోడు. పక్కన వాని దోస్తు గౌతమ్ నవ్వేది ఫోన్ల వినిపించేది.

ఇప్పుడు ఆమె తలెత్తలేదు.

పొయ్యి మీద చాయ్ పెట్టింది. పొంగుతుంటె చూసుకుంట నిలబడ్డది. సగం పొయ్యి మీద పడ్డంక బంద్ చేసింది.

జూన్ మొదట్ల ఒక ఆదివారం, ఇదే గదిల, దయాకర్ ఆ క్యాలెండర్ అడుగున పెన్నుతోని రాసిండు.

"సూడమ్మా. మనాలి అవతల రెండు మంచుకొండల నడిమిట్ల కనుమ ఉంటది. దాన్ని చూడనీకి నాలుగు తొవ్వలు."

బైకు. జీపు. నడక. బస్సు.

ఏడో తరగతి దాకా చదివిన రాజేశ్వరమ్మ ఒక్కొక్కటి పైకి చదివి, పెన్ను గుంజుకున్నది.

"బైకు జారుతది." కొట్టేసింది.

"జీపోడు తాగి నడుపుతడు." కొట్టేసింది.

"నడిస్తె ఊపిరందదట. టీవీల జూపెట్టిన్రు." అదీ కొట్టేసింది.

"ఇగ ఆ కనుమను గూడ కొట్టెయ్" అని నవ్విండు దయాకర్. "ఉప్పల్ చౌరస్తా కన్న అదే నయమే అమ్మా. ఆడ గొర్లన్న పక్కకు జరుగుతయట."

"బస్సుల పో. ఆ డ్రైవర్ రోజూ తిరిగెటోడు. తొవ్వ ఎరికుంటది."

"అందరం బైకుల మీదనే పోతున్నమే. ఏడాది సంది అనుకుంటున్నం. జాకెట్ గూడ కొన్న."

ఆమె కొడుకు కుడిచెయ్యి పట్టుకోని తన నెత్తి మీద పెట్టుకున్నది.

వాడు నవ్వుడు ఆపిండు. చెయ్యి గుంజుకోలేదు.

ఇప్పుడు అదే క్యాలెండర్ కింద గౌతమ్ చాయ్ గ్లాసు పట్టుకున్నడు గని తాగుతలేడు.

"మేం ఐదుగురం బైకుల మీద ముందు ఎక్కినం పెద్దమ్మా. పైన చిన్న చాయ్ దుకాణం. వాని బస్సు మా ఎనకనే ఉంది. ఆరు చాయ్‌లు చెప్పినం."

తర్వాతది చెప్పలేదు. చెప్పే పని లేదు. కింద కొండ ఇరిగి బస్సు మీద పడ్డది. నాలుగో దినం దయాకర్ పెట్టెల ఇంటికొచ్చిండు.

"ఎన్నిసార్లడిగిన్నో. బస్సెందుకురా, నా ఎనక కూసో అంటె, నడుము నొప్పి అన్నడు. దినాం ఇనుప రాడ్లు మోసెటోనివి, నీకు నడుము నొప్పేందిరా అన్న. జాకెట్ ఇప్పి నాకిచ్చిండు. చలి బాగుంటది, నువ్వేసుకో అన్నడు."

"నడుము నొప్పి" అన్నది రాజేశ్వరమ్మ. అడిగినట్టు లేదు.

"అవ్. ఇంకేం చెప్పలే."

ఆమె చూపు గౌతమ్ నెత్తి మీదుగ గోడకున్నది. మూడు మాటల మీద గీతలు. అడుగున ఉన్న మాట మీద గీత లేదు.

ఆ కాయితం సంగతి ఎవ్వలికీ చెప్పలేదు. భర్త హన్మయ్య రోజూ దాని ముందలకెల్లే డ్యూటీకి పోతడు. అద్దాలు లేనిది ఆయనకు అక్షరం కనవడదు. చింపేద్దామని ఆమె రెండుసార్లు కుర్చీ ఎక్కి దిగింది. వాని చేతిరాత.

గౌతమ్ లేచిండు. గ్లాసు అరల పెట్టనీకి గోడ దిక్కు తిరిగిండు.

నాలుగు మాటలు చదవనీకి ఎంతసేపు పడ్తదో అంతసేపు నిలబడ్డడు. ఇంకొంచెం ఎక్కువనే.

రాజేశ్వరమ్మ కదలలేదు.

గ్లాసును సప్పుడు కాకుండ పెట్టి, "పోయొస్త పెద్దమ్మా" అన్నడు.

ఆమె గేటు దాక వచ్చింది. వాకిట్ల దయాకర్ బండి మీద పాత చీర కప్పి ఉంది. దాని పక్కకెల్లి గౌతమ్ తన బండిని బయటికి తీసి స్టార్ట్ చేసిండు.

వెంటనే పోలేదు.

ఈ గేటు కాడ ఎప్పుడూ అంతే. హెల్మెట్ పెట్టుకో. బెల్టు బిగించుకో. లారీల పక్కకు పోకు. చేరంగనే ఫోన్ జెయ్. అన్నీ అయినంకనే ఆమె కదలనిచ్చేది. ఆమె వెనకాల నిలబడి దయాకర్ ఒక్కొక్కదానికి ఒక్కో వేలు మడుచుకుంట చూపించెటోడు. గౌతమ్ నవ్వు ఆపుకోలేక సచ్చెటోడు.

హెల్మెట్ చేతుల పట్టుకోని కాసేపు చూసిండు గౌతమ్.

ఆమె గేటు గడియ పట్టుకోని నిలబడ్డది.

"పెద్దమ్మా" అన్నడు. "బోడుప్పల్‌కు ఉప్పల్ మీదికెల్లి పోవాల్నా, మల్లాపూర్ మీదికెల్లి పోవాల్నా?"

తన ఇంటికి పోయే రెండు తొవ్వలూ వానికి తెలుసు. ఏడేండ్ల సంది తెలుసు.

"ఎట్లనన్న పో బిడ్డా" అన్నది రాజేశ్వరమ్మ.