నాలుగున్నర అడుగుల గీత

"ఇంకాస్త వంగు."

"వంగానమ్మా."

"మెడ కాదే, మోకాళ్ళు!"

కొల్లేటికోటలో ఆ ఇంటి గుమ్మం దగ్గర వారం రోజులుగా ఇదే కసరత్తు. గుమ్మానికి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఒక పెన్సిలు గీత. నిటారుగా నిలబడితే జాయ్సీ తల ఆ గీతకి రెండు వేళ్ళు పైన ఉంటుంది.

ఏలూరు దాటాక హైవే పక్కన కొత్తగా పెట్టిన వాటర్ పార్కులో, ఆ ఎత్తు లోపలున్న పిల్లలకి టికెట్టు ఆరొందలు. దాటితే పెద్దవాళ్ళ టికెట్టే, తొమ్మిదొందలు. చేపల షెడ్డులో పనిచేసి తల్లి పెర్సిస్ దాచినవి పదహారొందలు. తల్లికి పెద్దది, కూతురికి చిన్నది కొంటే వంద మిగులుతుంది. బస్సు ఆడవాళ్ళకే ఉచితం, మూడో టికెట్టుకి డబ్బుల్లేవు కాబట్టి, తండ్రి దేవరాజు పేరు మొదట్లోనే కొట్టేశారు.

"చెరువు పనోణ్ణి, నాకెందుకే? నీళ్ళు నేను రోజూ చూస్తూనే ఉన్నాను కదా," అని నవ్వేశాడతను.

పార్కుకి తీసుకెళ్తానని డిసెంబరులో మాట ఇచ్చేనాటికి పిల్ల గీత కిందే ఉంది. డబ్బులు కూడేసరికి గీత దాటేసింది. డబ్బులకి లేని తొందర పిల్లకెందుకొచ్చిందో!

"అమ్మా, ఇది అబద్ధం కాదా?"

"నిన్ను అబద్ధం ఆడమన్నానా? వంగమన్నాను, అంతే."

అలా అన్నదే గానీ పెర్సిస్‌కి ఆ వారమంతా అన్నం సయించలేదు. పట్టుబడితే? అంతమందిలో మైకులో చెబుతారేమో. పోలీసుల్ని పిలుస్తారేమో. వంగిన మోకాళ్ళు కనబడకుండా పిల్లకి పాదాల దాకా గౌను కుట్టింది.

పార్కు గేటు దగ్గర కొలకర్ర పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. లావు అద్దాల కళ్ళజోడు.

వరస కదిలేకొద్దీ పెర్సిస్ పిల్ల గౌను కిందికి లాగుతూనే ఉంది.

"రా తల్లీ," అన్నాడాయన.

జాయ్సీ కొలకర్ర పక్కకెళ్ళి నిలబడింది. గౌను అంచు సన్నగా వణుకుతోంది.

పెద్దాయన కొలకర్ర కేసి చూశాడు. తర్వాత గౌను అంచు కేసి చూశాడు.

"చిన్న టికెట్టే. నిలబడింది చాలు తల్లీ, వెళ్ళు," అన్నాడు.

పిల్ల చేతికి పసుపు పట్టీ, తల్లి చేతికి నీలం పట్టీ వేశారు. లోపలికొచ్చాక పెర్సిస్ ఊపిరి పీల్చుకుంది.

"ఆయనకి చూపు ఆనదు లాగుందే," అంది కూతురి చెవిలో.

మధ్యాహ్నం దాకా ఏ భయమూ లేదు. మంచినీళ్ళు పట్టుకొద్దామని పెర్సిస్ ఇలా వెళ్ళి అలా వచ్చేసరికి, అందరికన్నా పెద్ద రైడు దగ్గర జాయ్సీ నిలబడి ఉంది. పక్కనే సూపర్‌వైజరు.

ఆ రైడు పెద్దవాళ్ళకే. అక్కడా నాలుగున్నర అడుగుల దగ్గర ఎర్ర గీత. అది దాటితేనే ఎక్కనిస్తారు. ఎక్కాలన్న ఆశకొద్దీ పిల్ల నిటారుగా నిలబడింది. తల ఎర్ర గీతకి రెండు వేళ్ళు పైన ఉంది. చేతికేమో పసుపు పట్టీ.

"ఈ పాప మీ అమ్మాయేనాండీ?"

"అవునండీ."

"గేటు దగ్గర కొలిచిందెవరండీ?"

ఇంకో మూడొందలు కట్టమంటే పెర్సిస్ దగ్గరున్నది వంద. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు.

"మాకేం తెలుసండీ! ఆ పెద్దాయనే కొలిచారండీ. ఆయనకి చూపు సరిగా ఆనదనుకుంటానండీ."

జాయ్సీ తల్లి ముఖంలోకి చూసింది. తల్లి అటు చూడలేదు.

పెద్దాయన్ని పిలిపించారు. కొలకర్ర పట్టుకునే వచ్చాడు.

"ఏవండీ కనకరత్నం గారూ, ఏంటిది?"

"నిజవేనండీ. నాకే సరిగా ఆనలేదు."

"ఇది మూడోసారండీ. ఇంక రేపట్నించి రావద్దు. ఆ కర్ర ఇలా ఇచ్చేయండి."

ఆయన కర్ర ఇచ్చేశాడు. జాయ్సీ కేసి చూసి ఓ చిన్న నవ్వు నవ్వి, గేటు వైపు వెళ్ళిపోయాడు.

గండం గడిచిందనుకుంది పెర్సిస్.

"ఇంటికెళ్దామమ్మా," అంది జాయ్సీ. ఆ తర్వాత ఏ రైడూ ఎక్కనంది.

బయటికెళ్ళేటప్పుడు టికెట్ల కౌంటరులో పొద్దుటి అమ్మాయే ఉంది. చొక్కా మీద ఇందుజ అని పేరు. చేతి పట్టీలు తిరిగిస్తూ, అడగకుండా ఉండలేకపోయింది పెర్సిస్.

"ఆ పెద్దాయన..."

"వెళ్ళిపోయారండీ."

"పాపం. చూపు ఆననివాళ్ళకి ఈ పని కష్టవే కదండీ."

ఇందుజ తలెత్తి ఆమెను చూసింది.

"ఆయన చూపుకేవండీ! కర్ర మీద చీమ పాకినా కనిపెట్టేస్తారు. మోకాళ్ళు వంచిన పిల్లలందర్నీ చూస్తూనే ఉంటారండీ. పిల్ల ముందు తల్లి తల దించుకోకూడదని పంపించేసి, తేడా డబ్బులు సాయంత్రం తనే తెచ్చి నా దగ్గర కట్టేస్తారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారండీ."

పక్కన జాయ్సీ వింటోంది.

"మరి... ఈరోజు?" అంది పెర్సిస్.

"మీ పాపది ఇందాకే కట్టారండీ, ఉద్యోగం పోయి ఇంటికెళ్తూ."