కార్డు మీద పసుపు

“ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు. విన్నవా అన్నా? డిస్‌ప్లే కార్డే పోయింది.”

నిజామాబాద్ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన మెకానిక్ సిద్దిరాములు కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ అవే కూతలు. తెర నల్లగానే ఉంది.

బోధన్‌లో ఇంటి ముందుగదే దేవదాస్ డీటీపీ సెంటర్. చర్చి జూబిలీ సంచిక మొత్తం ఆ డబ్బాలోనే ఉంది. ఆదివారానికల్లా అచ్చయి రావాలి. నాలుగు రోజుల కిందట తెర మీద అడ్డగీతలు మొదలయ్యాయి. మొన్న పాస్టరుగారి ఫొటో ఆకుపచ్చగా మారింది. నిన్నటి నుంచి ఆ ఆకుపచ్చ ముఖం కూడా లేదు.

“సంచిక పోయినట్టేనా తమ్మీ?”

“ఎందుకు పోతదన్నా? హార్డ్ డిస్క్‌ల పదిలంగున్నది. తెర మీదికి తెచ్చే కార్డే సచ్చింది.”

మానిటర్ తీగ మార్చి చూడటం, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టడం అప్పటికే అయిపోయాయి. సిద్దిరాములు డబ్బాను గోడ దగ్గరి నుంచి ముందుకు లాగాడు. వేడెక్కుతుందని దేవదాస్ పక్క రేకు తీసేసి చాలా నెలలైంది. ఆ పక్క గోడవైపు ఉండటంతో ఎవరూ లోపలికి చూసింది లేదు. సిద్దిరాములు స్క్రూ విప్పి, కార్డు పీకి, కిటికీ వెలుగులో తిప్పి చూసి ఫక్కున నవ్వాడు.

“ఏందన్నా, దసరాకు దీనికి పూజ గూడ చేసిండ్రా? పసుపు, కుంకుమ... అగో, అచ్చింతలు గూడ! గింజ ఇరుక్కొని ఫ్యాన్ తిరగలే. ఇగ కాలకేం జేస్తది? మేం గూడ మిషన్లకు పెడ్తం గని, గింత దండిగ కాదు. అవునన్నా, మీరు చర్చికి పోయేటోళ్లు గద?”

దేవదాస్ చెవులు కాలిపోయాయి. చాయ్ గ్లాసులతో వస్తున్న భార్య రేణుక గడపలోనే ఆగిపోయింది. వంటింట్లో తల్లి శారమ్మ మిరపకాయలు దంచుతున్న చప్పుడు కూడా ఆగింది.

రేణుకది భీమ్‌గల్. పసుపు పండించే ఇల్లు. ఏడాది కిందట బాప్తిస్మం తీసుకొని దేవదాస్‌ను చేసుకుంది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద అయిన శారమ్మ ఆ పెళ్లికి ఆరు నెలలు ఒప్పుకోలేదు. రేణుక కూడా అందరిలాగే సంఘం ముందు నిలబడి, మొదటిసారి ప్రభు భోజనం అందుకునేది ఈ ఆదివారమే. ఇక దసరా ముందురోజు దేవదాస్ కాగితం కోసం నిజామాబాద్ పోయాడు. ఇంట్లో ఉన్నది ఆడవాళ్లిద్దరే.

“నువ్వేనా?” అన్నాడు.

రేణుక ఒక్కసారి వంటింటివైపు చూసింది. అత్తకు భయపడుతోందనుకున్నాడు. ఆమె తల దించుకుంది.

“నేనే.”

“నా ఇజ్జత్ తీసినవ్ గదనే! బాపు చెయ్యి బెల్లం గానుగల పడ్డప్పుడు వాడకట్టు వాడకట్టంత వచ్చి చెప్పిండ్రు, పూజ చెయ్యకనే గిట్లయిందని. అయినా అవ్వ ఒక్క అగరుబత్తి ముట్టియ్యలే. గసొంటి మనిషి ఇంట్ల నువ్వు గీ పని చేసినవా?”

“పోనియ్యన్నా. ఊకెనే అన్న నేను,” అని సిద్దిరాములు సంచిలో తల దూర్చాడు.

“ఆదివారం నువ్వు నిలబడకు. పాస్టరుగారికి నేను చెప్పుకుంట.”

గ్లాసుల్లో చాయ్ తొణికి రేణుక వేళ్ల మీద పడింది. “సరే,” అంది.

అప్పుడు వచ్చింది శారమ్మ, కొంగుకు చేతులు తుడుచుకుంటూ. దేవదాస్ తల్లి ముఖంలోకి చూడలేకపోయాడు. ఆమె కూడా కోడలివైపు చూడలేదు. బల్ల మీద పడి ఉన్న కార్డునే చూసింది.

“ఆమెనేం అనకు కొడుకా. పాడైతదేమోనని బుగులుకు చేసింటది. ఇల్లంత దీని మీదనే నడువబట్టె గద.”

“నువ్వేనా అవ్వా, గీ మాట అనేది?”

“ఆదివారం పోరి నిలబడ్తది. పాస్టరుగారికి చెప్పుడేం వద్దు. తప్పు చేసినోళ్లు ప్రభువుకు చెప్పుకుంటరు.”

అంతే అని లోపలికి వెళ్లిపోయింది. గ్లాసులు బల్ల మీద పెట్టి రేణుక ఆమె వెనకే నడిచింది.

దేవదాస్‌కు ఈసారి తన మీద తనకే సిగ్గేసింది. ఆరు నెలలు పట్టుబట్టిన తల్లి ఒక్క మాటతో క్షమించింది. తనేమో పరాయివాడి ముందు భార్యను తల ఎత్తుకోకుండా చేశాడు.

సిద్దిరాములు కుంచెతో గాడి దులిపి, సంచిలోంచి మరో కార్డు తీశాడు. “కొత్తయి నీ బోర్డుకు కూసోవన్నా. గిది గూడ పాతదే, గని గట్టిది.” గాడిలో పెట్టి టక్కుమనేదాకా నొక్కి, స్క్రూ బిగించాడు.

ఒకే ఒక్క చిన్న కూత. తెర వెలిగింది. అక్షరాలు వంకాయలంత లావుగా వచ్చాయి.

“భయపడకు, డ్రైవర్ ఎయ్యాలె,” అని సీడీ పెట్టాడు. కాసేపటికి అక్షరాలు సన్నబడి ఎక్కడివక్కడ కుదురుకున్నాయి. జూబిలీ సంచిక తెరుచుకుంది. పాస్టరుగారు మామూలు రంగుకు వచ్చారు.

“ఇగ పైలం అన్నా,” అన్నాడు సిద్దిరాములు చాయ్ ముగించి. ఆ మాటకు కూడా దేవదాస్ కళ్లు దించుకున్నాడు.

మెకానిక్‌ను గడపదాకా సాగనంపి, ఖాళీ గ్లాసులు తీసుకొని లోపలికి నడిచాడు. తల్లి ఎదుటే రేణుకను క్షమాపణ అడగాలనుకున్నాడు. వంటింటి పరదా దగ్గరికి వచ్చేసరికి శారమ్మ గుసగుస వినబడి ఆగిపోయాడు.

“ఈపారి పైపైననే బొట్టు పెడ్త బిడ్డా, లోపల ఒక్క గింజ గూడ పడనియ్య.”