సరుగుడు చెట్టు కింద పశువుల పాక

జంతువులు తమకంటూ చర్చి కట్టుకున్న కాలంలో, ఆ చర్చి పెరట్లో ఒకే ఒక్క సరుగుడు చెట్టు ఉండేది. దాని కొమ్మల్లో నిండు చూలాలైన ఉడుత ఎస్తేరు గూడు అల్లుకుంది.

క్రిస్మస్ ముందురోజు సంఘపెద్ద కోడిపుంజు వచ్చింది. వెంట వచ్చిన పందికొక్కు అప్పుడే చెట్టు మొదలును కొరకసాగింది.

"ఎస్తేరమ్మా, గూడు ఖాళీ చెయ్యి. ఈ చెట్టు నరికి, లోపల బాలయేసు పాక పక్కన నిలబెట్టి నక్షత్రం కట్టాలి," అంది పుంజు.

"నాకు నొప్పులు మొదలయ్యాయి పెద్దయ్యా."

"పండగ వెళ్లాక కనరాదూ? ఈ ఆడవాళ్లకి దేనికీ వేళాపాళా ఉండదు."

ఎస్తేరుకి ఒళ్లు మండింది.

"నిజమే, మరియమ్మకీ లేదు. ఊరంతా కిటకిటలాడే వేళ చూసి కన్నది. ఆమెకు చోటు లేదన్న సత్రం వాణ్ణి ఏటా నాటకంలో మీరే తిట్టిపోస్తారు. ఈ ఏడు ఆ వేషం మీరు కడతారా?"

పందికొక్కు నోట్లోని బెరడు ఉమ్మేసి అంది:

"దేవుడు నిలబెట్టిన చెట్టే కదా పెద్దయ్యా. పడగొట్టి మళ్లీ నిలబెట్టడం ఎందుకు? పాకనే ఇక్కడికి తెద్దాం."

పాక చెట్టు కిందికి వచ్చింది. నక్షత్రం గూటి పక్క కొమ్మకి వేలాడింది.

తెల్లవారుజామున శుభవార్త చాటడానికి పుంజు మెడ సాచింది.

"కాస్త మెల్లగా పెద్దయ్యా," అంది ఎస్తేరు పైనుంచి. "పిల్లలు ఇప్పుడే పడుకున్నారు."

పుంజు పైన గూటిలోకీ, కింద పాకలోకీ చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించి కూసింది.