పదకొండు గంటల దాకా

వరహాలమ్మ గోంగూర ఒలుస్తుండగా కోడలు హైమ ట్యాబ్ తెచ్చి ముందు పెట్టింది.

గాజువాకలో ఇప్పుడు ఒప్పందం లేనిదే కుళాయి తిరగదు, లిఫ్టు కదలదు. నాలుగు వీధుల ఒప్పందాలు చదివి, గడువులు దాటకుండా చూడటం హైమ ఉద్యోగం. ఒకప్పుడు ఎవరూ లెక్కచేయని ఆ పనికి గౌరవం తెచ్చింది ఒప్పంద నిర్వాహకుల సంఘమే. పరీక్షలు పెట్టింది, పట్టాలిచ్చింది, ఏటేటా ప్రమాణాలు పెంచుతూ వచ్చింది. ఈ ఏడు కొత్త నియమం పెట్టింది: సభ్యుల సొంత ఇంట్లో రాతకెక్కని పని ఉండకూడదు. ఈ పూటతో గడువు ఆఖరు. దాటితే హైమ పట్టా రద్దవుతుంది.

"ఏటే, గోంగూర ఒలవడానికీ సంతకమేటి? రేపు దగ్గడానికీ అడుగుతారేటి మీ సంగపోళ్ళు?"

వారం రోజులుగా నచ్చజెప్పీ చెప్పీ హైమ అలసిపోయింది.

"వంట, పాప పని, అంతే అత్తా. పనివేళలు కూడా రాశాను, పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా. అవి లేకపోతే సంఘం ఒప్పుకోదు."

"పదకొండు దాకానేనా? ఆ తరవాతో?"

"నీ ఇష్టం. రాతకేలే అత్తా, ఎవరు చూడొచ్చారు!"

వరహాలమ్మ వేలిముద్ర వేసింది. వెంటనే సంఘం నుంచి అభినందన వచ్చింది. హైమ గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి పదకొండయింది. పొయ్యి మీద పప్పు సగమే ఉడికింది. ఉయ్యాల్లో పాప లేచి ఏడుస్తోంది. ఇన్నేళ్ళలో అత్త ఆ వేళప్పుడు ఇల్లు కదలడం హైమ ఎన్నడూ ఎరగదు. వరహాలమ్మ చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, చెప్పులేసుకుని గుమ్మం దాటి వెళ్ళిపోయింది.